కాట్రిడ్జా, సేఫ్టీ రేజరా? ముందు మీ మెడను చూసుకోండి

తమ్ముడూ, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం, వారానికి నాలుగు రోజులు ఐదు బ్లేడ్ల కాట్రిడ్జ్‌తో, అంటే పిడికి తొడిగి అరిగాక మార్చుకునే తలతో, షేవింగ్. బుగ్గలు నున్నగా బాగానే వస్తున్నాయి, మెడ మీద మాత్రం ఎర్రటి పొక్కులు లేస్తున్నాయి, చొక్కా కాలర్ తగిలితే మంట. దానికి తోడు కాట్రిడ్జుల ఖర్చు. ఈమధ్య ఊరెళ్తే బీరువాలో నాన్నగారి పాత సేఫ్టీ రేజర్, అదే ఒక్క బ్లేడు పెట్టి బిగించుకునేది, కనబడింది. దానికి మారొచ్చా, మారితే కోసుకుంటానేమోనని టెన్షన్‌గా ఉంది అన్నారు.

నేను విజయవాడలో సెలూన్ నడుపుతున్నాను. పదిహేడో ఏట మా నాన్న దగ్గర కత్తి పట్టాను, ఇప్పటికి ఇరవై ఆరేళ్లు. మీలాంటి మెడలు వారానికి మూడో నాలుగో చూస్తుంటాను. అందుకే ముందే చెప్పేస్తున్నా, మారండి. డబ్బు మిగలడం తర్వాతి సంగతి, మీ మెడ కోసం మారండి. అయితే రేపు పొద్దున్నే వద్దు. ముందు చిన్న పరీక్ష ఒకటి చేసుకోవాలి. దానికి మూడు వారాలు పడుతుంది. ఆ తర్వాత నాన్నగారి రేజరు బయటికి తీయండి.

బుగ్గలు బాగుండి మెడ ఒక్కటే పాడవుతోందంటే అక్కడి వెంట్రుకల వాలు మీద అనుమానపడాలి. బుగ్గ మీద వెంట్రుకలు దాదాపు అన్నీ కిందికే వాలి ఉంటాయి, పెద్దగా తికమక ఉండదు. మెడ మీద అలా కాదు. గొంతుముడికి ఒక పక్క కిందికి, ఇంకో పక్క చెవి వైపుకి, దవడ ఎముక కింద గుండ్రంగా, ఇలా తలోదారిన పోతాయి. తలలో సుడి ఉన్నట్టే చాలామందికి మెడ మీదా ఒక సుడి ఉంటుంది. మెడ అడుగున వెంట్రుకలు పైకి మొలిచేవాళ్లూ చాలామందే. ఇవేవీ చూసుకోకుండా తల పైకెత్తి, కింది నుంచి గడ్డం దాకా ఒకటే లాగుడు లాగుతారు. అలా లాగినప్పుడు కొన్ని వెంట్రుకలు వాలుకి, కొన్ని అడ్డంగా, కొన్ని ఎదురు తెగుతాయి. మీ పొక్కులు ఎక్కడ ఉన్నాయో వేలితో తడిమి చూడండి. ఎదురు తెగిన చోటే గుంపుగా ఉంటాయని నా అంచనా.

ఇందులో ఐదు బ్లేడ్ల పాత్ర ఏమిటో చెప్తాను. మొదటి బ్లేడు వెంట్రుకను కోస్తూనే కాస్త పైకి లాగుతుంది. అది మళ్లీ కిందికి జారేలోపు వెనకాల వచ్చే బ్లేడు ఇంకొంచెం కింద కోస్తుంది. 1971లో జిల్లెట్ కంపెనీ ట్రాక్ టూ అని రెండు బ్లేడ్ల రేజరు తెచ్చినప్పుడు గొప్పగా చెప్పుకున్నది ఈ సంగతే. 1998లో మాక్ త్రీతో మూడు బ్లేడ్లయ్యాయి, 2006లో ఫ్యూజన్‌తో ఐదయ్యాయి. చివరి బ్లేడు దాటాక తెగిన కొన చర్మం మట్టం కంటే లోపలికి జారిపోతుంది. చెయ్యి పెడితే గాజులా తగిలేది అందుకే. వెంట్రుక తిన్నగా మొలిచే రకమైతే ఒకటి రెండు రోజుల్లో తన దారిన బయటికి వస్తుంది. వంకర తిరిగే రకమైతే ఆ పదును కొన పక్కకి గుచ్చుకుని చర్మం లోపలే పెరుగుతుంది. అప్పుడు ఒళ్లు దాన్ని ముల్లు దిగినట్టే భావించి ఎర్రబడుతుంది, వాస్తుంది, ఒక్కోసారి చీము పడుతుంది. డాక్టర్లు దీన్ని సూడోఫాలిక్యులైటిస్ అంటారు. ఉంగరాల గడ్డం ఉన్నవాళ్లకి ఇది ఎక్కువ.

ఇంకోటి కూడా ఉంది. ఐదు బ్లేడ్ల రేజరును ఒక్కసారి లాగితే ఆ చోటుని ఐదుసార్లు గీసినట్టు. సరిగ్గా రాలేదని అదే చోట మూడుసార్లు లాగామంటే పదిహేను. బుగ్గ తట్టుకుంటుంది. మెడ చర్మం పలచన, కింద ఆనుకోవడానికి గట్టి ఎముక లేదు, అది తట్టుకోదు.

ఇక పరీక్ష. నాలుగైదు రోజులు మెడను అసలు ముట్టుకోకండి. ఆఫీసుకి మరీ బాగోదనిపిస్తే ట్రిమ్మర్‌తో చర్మానికి తగలకుండా కురచ చేసుకోండి చాలు. ఎరుపు తగ్గాక ఒకే బ్లేడు ఉండే కాట్రిడ్జ్ రేజర్ ఒకటి కొనండి. జిల్లెట్ గార్డ్ అని కిరాణా కొట్టులో కూడా వేలాడుతూ ఉంటుంది. చవకది కదా అని చిన్నచూపు చూడకండి, దాని వెనక మంచి కథ ఉంది.

2000 దశకం మొదట్లో ఆ కంపెనీ మన దేశం కోసం వెక్టర్ అనే రేజరు తయారుచేసింది. ఇరుక్కున్న వెంట్రుకల్ని తోసేయడానికి దానికి ఒక చిన్న పుల్ల కూడా పెట్టింది. అమెరికాలో ఎంఐటీ అనే సాంకేతిక విశ్వవిద్యాలయంలో చదువుకునే మన దేశపు విద్యార్థుల చేత వాడించి చూస్తే అందరూ బాగుందన్నారు. తీరా ఇక్కడికి తెచ్చాక ఆ పుల్ల పనిచేయలేదు. అక్కడి కుర్రాళ్లు ధారగా పడే కొళాయి కింద రేజరు కడిగారు. ఇక్కడ చాలా ఇళ్లలో మగ్గులో నీళ్లు పెట్టుకుని, అద్దం గోడకి ఆనించి గీసుకుంటారు. మగ్గులో ముంచి ఆడిస్తే బ్లేడ్ల మధ్య ఇరుక్కున్నది బయటికి రాదు. తర్వాత వాళ్లే ఇక్కడి ఇళ్లకొచ్చి, మనవాళ్లు ఎలా కూర్చుంటారో, ఎంత వెలుతురులో గీసుకుంటారో, ఎన్ని నీళ్లు వాడతారో చూసి 2010లో గార్డ్ తెచ్చారు. దానికి బ్లేడు ఒకటే, సందు వెడల్పు, మగ్గులో ముంచినా శుభ్రపడుతుంది. మొదట్లో రేజరు పదిహేను రూపాయలు, కాట్రిడ్జ్ ఐదు రూపాయలు. ఇప్పుడు కాస్త పెరిగింది.

మీకు దీనితో పనేమిటంటే, సేఫ్టీ రేజర్ నేర్చుకునే శ్రమ లేకుండానే ఒకే బ్లేడు మీ మెడకి పడుతుందో లేదో ఇది తేల్చి చెప్తుంది. మూడు వారాలు దీనితోనే, వెంట్రుక వాలుకి మాత్రమే గీయండి, ఎదురు గీత ఒక్కటి కూడా వద్దు. చూపుకి శుభ్రంగా ఉంటుంది, చేత్తో తడిమితే కొద్దిగా గరుకు ఉంటుంది, దానికి అలవాటు పడండి. మూడు వారాల్లో పొక్కులు సగానికి పైగా తగ్గాయంటే కారణం దొరికినట్టే, నిశ్చింతగా సేఫ్టీ రేజర్‌కి రండి. తగ్గలేదంటే అది షేవింగ్ వల్ల వచ్చింది కాకపోవచ్చు. ఫంగస్ కావచ్చు, వెంట్రుక కుదుళ్లలో ఇన్ఫెక్షన్ కావచ్చు. అప్పుడు రేజర్లు మార్చుకుంటూ కూర్చోకుండా చర్మ వైద్యుడి దగ్గరికి వెళ్లండి. మా దగ్గరికి వచ్చేవాళ్లలో కొందరికి చీము పొక్కులు కనబడితే నేను కత్తి పెట్టను, ముందు డాక్టరుకి చూపించుకుని రమ్మంటాను.

వాలు కనుక్కోవడం తేలికే. రెండు రోజుల గడ్డం ఉన్నప్పుడు పొడి వేళ్లతో మెడను నాలుగు వైపులా నిమరండి. ఏ వైపు నిమిరితే మెత్తగా జారుతుందో అదే వాలు, ఏ వైపు గుచ్చుకుంటే అది ఎదురు. అంగుళం అంగుళం చూడాలి, ఎందుకంటే రెండు వేళ్ల దూరంలోనే దిశ మారిపోతుంది. ఒక కాగితం మీద మెడ బొమ్మ గీసి బాణాలు పెట్టుకోండి. సెలూన్‌కి కొత్త మనిషి వస్తే నేను నురగ రాసే ముందు చేసే పని ఇదే, వేళ్లతో ఒకసారి మెడ చదువుకుంటాను. వాళ్లు మసాజ్ అనుకుంటారు.

ఇప్పుడు సేఫ్టీ రేజర్ సంగతి. మీరు దాన్ని కొత్త వస్తువు అనుకుని భయపడుతున్నారు గానీ, ఆ బ్లేడు మీ ముఖానికి ఇప్పటికే తెలుసు. సెలూన్‌లో మేము ఏం చేస్తామో గమనించారా? పలచటి బ్లేడుని కాగితం పొట్లంతో సహా రెండు వేళ్ల మధ్య పట్టుకుని వంచితే టప్‌మని నిలువునా రెండు ముక్కలవుతుంది. అందులో ఒక ముక్క కత్తికి తొడుగుతాం. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసేది కూడా ఈ రకం బ్లేడుతోనే. ముక్క చేయకుండా, రెండు వైపులా పదునుతో, పైన ఒక మూత కింద ఒక పళ్లెం మధ్య బిగిస్తే అదే సేఫ్టీ రేజర్. కింది పళ్లెం అంచు ముందు చర్మాన్ని తాకుతుంది కాబట్టి బ్లేడు పిసరంతే బయటికి ఉంటుంది. ఓపెన్ కత్తితో పోలిస్తే ఇది నిజంగా సేఫ్టీయే, పేరు ఊరికే పెట్టలేదు.

ఈ పలచటి, వాడి పారేసే బ్లేడుని బజారులోకి తెచ్చింది కింగ్ క్యాంప్ జిల్లెట్ అనే అమెరికన్. 1903లో అమ్మకాలు మొదలుపెడితే ఆ ఏడాది మొత్తం మీద అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటేడు, 1904లో, పేటెంట్ వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా ప్రభుత్వం సైనికుల కిట్లలో వీటిని లక్షల సంఖ్యలో ఇచ్చింది, యుద్ధం అయ్యాక ఇంటికొచ్చినవాళ్లు ఇదే అలవాటు కొనసాగించారు. ఇప్పుడు మీరు కొట్టులో కొనే బ్లేడు నాన్నగారి రేజరులో చక్కగా కూర్చుంటుందంటే కారణం, ఆ మధ్య సందు ఆకారం ఎన్నో దశాబ్దాలుగా అందరూ ఒకటే పాటిస్తున్నారు. ఏ కంపెనీ బ్లేడైనా ఏ కంపెనీ రేజరుకైనా సరిపోతుంది. కాట్రిడ్జ్‌తో ఈ స్వేచ్ఛ లేదు. పిడి ఎవరిది కొన్నామో కాట్రిడ్జ్ కూడా వాళ్ల దగ్గరే కొనాలి.

రెంటికీ అసలు తేడా చేతి బరువులో ఉంది. కాట్రిడ్జ్ తల అటూ ఇటూ ఊగుతుంది, కోణం కంపెనీవాళ్లే బిగించేశారు, కాబట్టి నొక్కి లాగినా పెద్దగా కోయదు. ఏళ్ల తరబడి అలా నొక్కి లాగడం చేతికి అలవాటైపోతుంది. ఆ చేత్తోనే సేఫ్టీ రేజర్ పట్టుకుంటే మొదటి రోజే గాటు పడుతుంది. సేఫ్టీ రేజర్ బరువుగా ఉండేది ఆ బరువే పని చేస్తుందని. మనం దాన్ని దారిలో నడపాలి, అంతే.

మా నాన్న నాకు కత్తి చేతికిచ్చే ముందు రెండు వారాలు బెలూన్ గీయించారు. ఊదిన బెలూన్‌కి నురగ రాసి, ఒళ్లో పెట్టుకుని, నురగంతా బెలూన్ పగలకుండా తీయాలి. మొదటి రోజు నాలుగు పగిలాయి. పగిలిన ప్రతిసారీ నురగ ముఖం మీదికి చిందేది. ఆయన ఏమీ అనకుండా ఇంకోటి ఊది ఇచ్చేవారు. ఐదో రోజుకి ఒకటి పూర్తిగా గీశాను. అప్పుడు నా మణికట్టు పట్టుకుని, "ఈ బరువు గుర్తుపెట్టుకో, మనిషి మెడకి కూడా ఇంతే" అన్నారు. మీరు కూడా ఆదివారం ఒక అరగంట ఇది చేయండి. పది రూపాయల బెలూన్ల ప్యాకెట్టు చాలు. భయం పోవడానికి ఇంతకంటే మంచి ఉపాయం నాకు తెలియదు.

కోణం ఎలా దొరుకుతుందంటే, రేజరు మూత పైభాగాన్ని బుగ్గకి ఆనించండి, పిడి నేలకి సమాంతరంగా ముందుకి ఉంటుంది. అప్పుడు బ్లేడు చర్మానికి తగలదు. చిన్నగా గీస్తూ పిడిని నెమ్మదిగా కిందికి దించుతూ రండి. ఒకచోట వెంట్రుకలు తెగుతున్న సన్నటి చరచర శబ్దం వినబడుతుంది. అక్కడ ఆపండి. అదే మీ కోణం, బ్లేడుకీ చర్మానికీ మధ్య సుమారు ముప్పై డిగ్రీలు. ఇంకా దించితే బ్లేడు చర్మాన్ని గోకుతుంది. ఈ శబ్దం వినడం కోసమైనా బాత్‌రూమ్‌లో పాటలు ఆపండి. నాకు ఇప్పటికీ చెవే సగం పని చేస్తుంది. శబ్దం మందగించిందంటే నురగ ఆరిపోయిందనో బ్లేడు అరిగిందనో అర్థం.

గీతలు పొట్టిగా ఉండాలి, అంగుళం, అంగుళంన్నర. రెండో చేత్తో చర్మాన్ని కొద్దిగా బిగించి పట్టుకోండి. దవడ ఎముక మలుపు, గదుమ, గొంతుముడి, ఈ మూడు చోట్లా గాట్లు పడతాయి. గొంతుముడి దగ్గర ఒక చిట్కా ఉంది. గుటక వేసి అలాగే పట్టి ఉంచితే అది పైకి వెళ్తుంది, లేదా చర్మాన్ని వేళ్లతో పక్కకి లాగి చదునైన చోట గీయండి. రేజరుని ఎప్పుడూ బ్లేడు అంచు వెంబడి, అంటే కత్తితో కూరగాయ కోసినట్టు పక్కకి జరపకండి. లోతుగా తెగేది అలా జరిపినప్పుడే.

మొదటి నెల వాలుకి ఒక్క గీత, అంతే. రెండో నెల నుంచి బుగ్గల మీద మళ్లీ నురగ రాసి వాలుకి అడ్డంగా ఇంకో గీత గీయొచ్చు. మెడ మీద ఎదురు గీత మీకు ఎప్పటికీ వద్దు. మొదటి నాలుగైదు షేవింగులు సెలవు రోజున గానీ రాత్రి పూట గానీ చేసుకోండి. పొద్దున్నే తొమ్మిదింటికి మీటింగ్ పెట్టుకుని కొత్త రేజరు పట్టుకోవద్దు.

నురగ గురించి ఎంత చెప్పినా తక్కువే. కాట్రిడ్జ్ వాడేవాళ్లు ఏదో ఒక నురగ పులుముకుని గీసేస్తారు, అది నడిచిపోతుంది. సేఫ్టీ రేజర్‌కి నడవదు. స్నానం చేసి వచ్చాక గీసుకోండి, లేదంటే వేడి నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు రెండు మూడు నిమిషాలు ముఖానికి పెట్టుకోండి. తడిసిన వెంట్రుక ఉబ్బి మెత్తబడుతుంది, కోయడం చాలా తేలికవుతుంది. ఆ తర్వాత బ్రష్. బాదం గింజంత క్రీము తీసుకుని, తడి బ్రష్‌తో ముఖం మీదే గుండ్రంగా తిప్పుతూ, చుక్క చుక్క నీళ్లు కలుపుతూ ఒకటిన్నర నిమిషం రుద్దండి. పెరుగు మీగడలా చిక్కగా, మెరుస్తూ ఉండాలి. బుడగలు కనబడితే నీళ్లు ఎక్కువైనట్టు, అట్టకట్టినట్టుంటే తక్కువైనట్టు. మీరు హైదరాబాద్‌లో ఉంటున్నారు, అపార్ట్‌మెంట్‌కి వచ్చేది బోరు నీళ్లో ట్యాంకరు నీళ్లో అయితే నురగ సరిగా రాదు, ఉప్పు నీళ్లు సబ్బుని తినేస్తాయి. అలాంటప్పుడు తాగే ఫిల్టరు నీళ్లు ఒక గ్లాసు కాచి నురగకి మాత్రం అవి వాడండి. మా సెలూన్‌కి హైదరాబాద్ నుంచి సెలవులకి వచ్చే కుర్రాళ్లు ఇక్కడ క్రీము ఏం వాడుతున్నారని అడుగుతుంటారు. క్రీము వాళ్లు వాడేదే, తేడా నీళ్లది.

బ్లేడ్ల విషయంలో ఒక మాట. అన్ని బ్లేడ్లూ ఒకటి కాదు, ఒకరికి బాగున్నది ఇంకొకరికి మంట పెట్టొచ్చు. జపాన్ వాళ్ల ఫెదర్ చాలా పదును, నేర్చుకునేటప్పుడు దాని జోలికి వెళ్లకండి. ఆస్ట్రా మధ్యస్థం. మన దగ్గర తేలిగ్గా దొరికే సెవెన్ ఓ క్లాక్, టోపాజ్ లాంటివాటిలో రెండు మూడు రకాలు చిన్న ప్యాకెట్లు తెచ్చుకుని, ఒక్కో రకాన్ని రెండేసి వారాలు వాడి చూడండి. ఒకేసారి వంద బ్లేడ్ల డబ్బా కొనేయొద్దు. బ్లేడుని పొడవైన పదును వైపు కాకుండా ఆ చివరా ఈ చివరా ఉండే పొట్టి అంచుల దగ్గర పట్టుకుని పెట్టండి, తీయండి. బిగించాక రెండు వైపులా బ్లేడు సమానంగా కనబడుతోందో లేదో చూసుకోండి.

ఒక్కో బ్లేడు నాలుగైదు షేవింగులు. ఇంకా పదునుందనిపించినా మార్చేయండి, నాలుగు రూపాయల దగ్గర మెడను పణంగా పెట్టొద్దు. మా తాతగారి తరంలో వాడిన బ్లేడుని గాజు గ్లాసు లోపలి గోడకేసి వేలితో రుద్ది మళ్లీ పదును తెప్పించేవారు. అప్పటి బ్లేడ్లు తుప్పు పట్టే మామూలు ఉక్కువి. 1960ల్లో విల్కిన్సన్ స్వోర్డ్ స్టెయిన్‌లెస్ బ్లేడు వచ్చి పేరు తెచ్చుకున్నాక మిగతా కంపెనీలూ అటు మళ్లాయి. ఇంత మెత్తటి వెంట్రుకకి ఉక్కు ఎలా అరుగుతుందని మా గిరాకీలు అడుగుతుంటారు. 2020లో ఎంఐటీ పరిశోధకులు దీన్నే మైక్రోస్కోప్ కింద చూసి ‘సైన్స్’ అనే పత్రికలో రాశారు. ఉక్కు కంటే వెంట్రుక యాభై రెట్లు మెత్తన. అయినా అది వంగి బ్లేడుకి ఏటవాలుగా తగిలినప్పుడు, అంచులో బలహీనమైన చోట చిన్న చిన్న పెచ్చులు లేచిపోతాయట. అంచు నెమ్మదిగా మొద్దుబారడం కాదు, పళ్లు ఊడినట్టు అవుతుంది. అరిగిన బ్లేడు గీస్తున్నట్టు కాకుండా పీకుతున్నట్టు తగిలేది అందుకేనని చదివాక నాకు అర్థమైంది.

షేవింగ్ అయ్యాక చన్నీళ్లు కొట్టుకుని పటిక ముక్కని తడిపి మెడంతా రాయండి. పది పదిహేను సెకన్లాగి కడిగేయండి. చిన్న గాట్లకి రక్తం ఆపుతుంది. అంతకంటే ముఖ్యం, ఎక్కడ చురుక్కుమంటుందో అక్కడ మీరు ఎక్కువ నొక్కారని చెప్తుంది. మర్నాడు ఆ చోట చెయ్యి తేలిక చేయండి. ఘాటు వాసనల ఆఫ్టర్ షేవ్ ఈ మెడకి కొన్నాళ్లు వద్దు.

ఖర్చు సంగతి లెక్క వేసి చెప్తాను. వారానికి నాలుగంటే ఏడాదికి సుమారు 208 షేవింగులు. బ్లేడు ఐదింటికి వస్తే 42 బ్లేడ్లు, ఒక్కోటి నాలుగు రూపాయలనుకున్నా 170 లోపే. కాట్రిడ్జ్ పన్నెండు సార్లు వచ్చి, ఒక్కోటి 120 అనుకుంటే ఏడాదికి రెండు వేలు దాటుతుంది, ఐదు బ్లేడ్లవి ఇంకా ఎక్కువ. రేజరు మీ ఇంట్లోనే ఉంది.

అలాగని మీ కాట్రిడ్జ్ పిడిని పారేయకండి. విమానంలో చేతి సంచిలో విడి బ్లేడు ఒప్పుకోరు, కాట్రిడ్జ్ రేజరైతే ఇబ్బంది లేదు. పెళ్లికో ఇంటర్వ్యూకో ఐదు నిమిషాల్లో బయల్దేరాల్సి వస్తే దాన్నే వాడండి, మెడ మీద వాలుకి, ఒక్క గీత. చేతులు వణికే పెద్దవాళ్లకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, షుగర్ ఉండి గాయాలు త్వరగా మానని వాళ్లకి నేను సేఫ్టీ రేజర్ చెప్పను. వాళ్లకి కాట్రిడ్జ్ గానీ ట్రిమ్మర్ గానీ మేలు. మీ నాన్నగారి వయసెంతో నాకు తెలియదు, ఆయన కూడా మళ్లీ మొదలుపెడతానంటే ఇది గుర్తుంచుకోండి.

అయ్యప్ప మాల వేసుకునే అలవాటు మీకుంటే ఒకటి చెప్పాలి. నలభై ఒక్క రోజులు పెరిగిన గడ్డాన్ని కొండ నుంచి వచ్చాక నేరుగా ఏ రేజరుతోనూ గీయకూడదు. కాట్రిడ్జ్ అయితే రెండు లాగులకే పూడుకుపోతుంది, ఆ విసుగులో నొక్కుతారు. సంక్రాంతి తర్వాత వారం మా దగ్గరికి ఎర్రబడిన మెడలతో వచ్చేవాళ్లు ఎక్కువ ఇందుకే. ముందు ట్రిమ్మర్‌తో మొదలంటా తీసి, ఒక రోజు ఆగి, అప్పుడు గీయండి.

నాన్నగారి రేజరు దగ్గరికి వద్దాం. ముందు దాన్ని మొత్తం విప్పండి. పిడి కింద మర తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకునే రకమైతే విప్పడానికి ఏమీ ఉండదు, అలాగే కడగండి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో మూలమూలలా తోమండి. తెల్లగా గట్టిపడిన ఉప్పు పొర ఉంటే పది నిమిషాలు వెనిగర్‌లో ఉంచి వెంటనే కడిగేయండి. లోపల ఇత్తడే కదా అని చింతపండు, ఇటుక పొడి వేసి తోమొద్దు, పైన వేసిన మెరుగు లేచిపోతుంది. చివరగా స్పిరిట్‌తో తుడవండి. తండ్రీకొడుకులే అయినా ఒకరి రేజరు ఒకరు వాడేటప్పుడు ఈ పని తప్పనిసరి, బ్లేడు మాత్రం ఎప్పుడూ ఎవరిది వాళ్లదే. హెపటైటిస్ లాంటివి కంటికి కనబడనంత రక్తంతో కూడా అంటుకుంటాయి.

తర్వాత కొత్త బ్లేడు పెట్టి బిగించి, కిటికీ వెలుతురులో పై నుంచి చూడండి. రెండు వైపులా బ్లేడు అంచు సమానంగా, గీత గీసినట్టు కనబడాలి. ఒక వైపు ఎక్కువ వచ్చిందంటే వదులు చేసి మళ్లీ బిగించండి. అప్పటికీ వంకరగానే ఉంటే కింది పళ్లెం ఎప్పుడో కిందపడి వంగి ఉంటుంది. దాన్ని జ్ఞాపకంగా దాచుకోండి, ముఖానికి వద్దు. ఐదారు వందల్లో మన దేశంలో తయారైన కొత్తది వస్తుంది, నేర్చుకోవడానికి అది చాలు. కొనేటప్పుడు కింది అంచు దువ్వెన పళ్లలా కాకుండా మూసి ఉన్న రకం అడగండి, చర్మం మీద మెత్తగా పోతుంది.

వాడిన బ్లేడ్లు చెత్తబుట్టలో వేయకండి, కాగితంలో చుట్టి కూడా వేయకండి. పాలపొడి డబ్బాలాంటి రేకు డబ్బా మూతకి సన్నటి సందు కోసి అందులో వేస్తూ ఉండండి, ఏళ్ల తరబడి నిండదు. నిండాక సందుకి టేపు వేసి, పైన బ్లేడ్లు అని రాసి చెత్త బండి వాళ్ల చేతికి చెప్పి ఇవ్వండి. మా వీధిలో చెత్త వేరుచేసే అమ్మాయి అరచేతికి ఒకసారి పెద్ద గాటు పడింది. ఎవరింటి బ్లేడో తెలియలేదు. అప్పటి నుంచి మా సెలూన్‌లో మూడు డబ్బాలు పెట్టాం.

రేజరు కడిగాక బ్లేడు పెట్టకుండా తల విప్పి, మూతా పళ్లెమూ పక్కపక్కన పెట్టి ఒక ఫొటో పెట్టండి. పళ్లెం వంగిందో లేదో చూసి చెప్తాను. మెడ పరీక్ష మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి.